దామెర్ల దారిలో గోదావరి: ప్రకృతి చిత్రంలో రంగు, ఆధ్యాత్మికత



ఇది చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని స్మరించుకునే సభ. ఆయన 1897 మార్చి 8న ఈ రాజమహేంద్రవరంలో పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులుంది. ఆ కొద్దికాలంలోనే ఆంధ్రులకు తమదైన ఆధునిక చిత్రకళ ఉండగలదని చేసి చూపించారు. ఆయన పోయి 100 ఏళ్లు దాటినా ఆయన పని గురించి మాట్లాడుకోవలసింది చాలా మిగిలే ఉంది.

దామెర్ల అనగానే ‘ఋష్యశృంగ బంధనం’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ గుర్తొస్తాయి. ఆ మూర్తుల సొగసు గురించి, అజంతాను తలపించే ఆ రేఖ గురించి మన విమర్శకులు శ్రద్ధగా రాశారు. ఆయన చిత్రించిన ప్రకృతి గురించి, తూర్పు కనుమల మధ్య ఆయన చూసిన గోదావరి గురించి అంతగా మాట్లాడుకోలేదు. ఈ పూట నా ఉపన్యాసం దాని మీదే. గోదావరి గట్టు నుంచి బయల్దేరి జావా దీవి దాకా వెళ్లి, అక్కడి చిత్రకారులు తమ నేలను ఎలా చూశారో గమనించి, మళ్లీ మన ఊరికి వస్తాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గుడి గోపురం వేసినంత మాత్రాన ప్రకృతి చిత్రానికి ఆధ్యాత్మికత రాదు. ఎదురుగా ఉన్న నీటి ముందు, కొండ ముందు చిత్రకారుడు ఎంతసేపు, ఎంత అణకువగా నిలబడ్డాడో ఆ నిలకడ రంగులోకి దిగుతుంది. చూసేవాళ్ల మనసును తాకేది ఆ నిలకడే.

ఈ ఊరి వెలుగు

ముందుగా మన ఊరి వెలుగు సంగతి. రాజమండ్రి గోదావరికి ఎడమ గట్టున, అంటే తూర్పు వైపున ఉంది. అందువల్ల ఇక్కడివాళ్లకు పొద్దు ఊరి ఇళ్ల వెనక పొడుస్తుంది, నది మీద కుంకుతుంది. సాయంత్రం పుష్కరాల రేవులోనో కోటిలింగాల రేవులోనో నిలబడితే ఎండ నీటి మీదుగా వచ్చి మన మొహాన పడుతుంది. పడవ, వంతెన, ఇసుక తిన్నె, అవతల కొవ్వూరు వైపు చెట్లు, అన్నీ వెలుగుకు ఇవతల నీడలై నిలుస్తాయి. కొవ్వూరువాళ్లకు ఇలాంటి దృశ్యం పొద్దున్నే దొరుకుతుంది. చిత్రకారుడికి ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఎదురెండలో చూసినప్పుడు వస్తువుల సొంత రంగు వెనక్కి తగ్గి, వాటిని చుట్టుకున్న వెలుగు రంగు ముందుకు వస్తుంది. ఆకు ఆకుపచ్చగా ఉండదు, నీరు నీలంగా ఉండదు. ఏది ఏ రంగులో ఉంటుందని చిన్నప్పుడు నేర్చుకున్నామో దాన్ని పక్కన పెట్టి, కళ్లెదుట ఉన్నదాన్ని మళ్లీ కొత్తగా చూడవలసి వస్తుంది. ఈ రేవులు రోజూ సాయంత్రం ఆ పాఠం చెబుతున్నాయి.

ఋతువు మారితే పాఠం కూడా మారుతుంది. వైశాఖంలో నది సన్నబడి తిన్నెలు తెల్లగా మెరుస్తాయి. ఎగువన వానలు పడ్డాక కొత్తనీరు దిగి నది కావిరంగుకు తిరుగుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు రెండు గట్లూ ఒరుసుకుంటూ పోతుంది. ఆశ్వయుజం వచ్చేసరికి మట్టి అడుగుకు చేరుతుంది, లంకల్లో రెల్లు పూస్తుంది. కార్తికంలో నీరు తేటపడి, రాత్రిపూట అరటి దొప్పల్లో దీపాలు దాని మీద సాగిపోతాయి. ఒకే రేవులో నిలబడి ఏడాదిలో ఇన్ని నదుల్ని చూడవచ్చు. ‘గోదావరి రంగు’ అని ఒక్క రంగు పేరు చెప్పే వీలు లేదు.

ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. అక్కడి నుంచి సముద్రం దాకా మన కళ్లకు కనబడే పచ్చదనానికి కూడా ఒక చరిత్ర ఉంది. 1830ల్లో ఈ సీమ కరువుకు అల్లాడిపోయింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ తర్వాత కాలువలు సాగి, మెట్టగా ఉన్న నేలలు వరిచేలయ్యాయి. అంటే ఈ పచ్చరంగులో వేలమంది కూలీల చెమట ఉంది, అంతకుముందు తరం ఆకలి ఉంది. దామెర్ల పుట్టిన 1897లోనే హేవలాక్ వంతెన పని మొదలై, 1900 నాటికి దాని మీద రైళ్లు నడిచాయి. ఆయన కళ్లు తెరిచి చూసిన గోదావరి మీద పడవల తెరచాపలతో పాటు ఇనుప వంతెన కూడా ఉంది. డెల్టా ప్రకృతిని చిత్రించేవాడు ఈ సంగతులన్నీ తెలిసి రంగు కలుపుకోవాలి. అవి తెలియని ఆకుపచ్చ ఉత్త అలంకారంగా మిగిలిపోతుంది.

కూల్డ్రే దొర, ఆయన శిష్యులు

1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. సుమారు పదేళ్లు ఇక్కడ ఉన్నారు. తాను స్వయంగా చిత్రకారుడు, రచయిత. పాఠం నాలుగు గోడల మధ్య ఆగిపోకూడదని నమ్మిన గురువు. చేతిలో పుస్తకం, సంచిలో రంగులు పెట్టుకుని విద్యార్థులతో కలిసి ఆరుబయటికి వెళ్లేవారు. అడివి బాపిరాజు, దామెర్ల రామారావు, కవికొండల వేంకటరావు ఆయన నీడలో పెరిగినవాళ్లే. ఒకరు నవలాకారుడు, చిత్రకారుడు అయ్యారు. ఒకరు చిత్రకళకే అంకితమయ్యారు. ఒకరు కవి అయ్యారు. ముగ్గురికీ ఉమ్మడి పలక ఈ గోదావరి గట్టు.

కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. మనిషి శరీరాన్ని ఎదురుగా పెట్టుకుని గీయడం, వెలుగునీడలతో రూపానికి బరువు తేవడం అక్కడ గట్టిగా అబ్బాయి. అజంతా చూసి రేఖలోని సంగీతం తెలుసుకున్నారు. అప్పటికి కలకత్తాలో అవనీంద్రనాథ ఠాగూరు, ఆయన శిష్యులు పొగమంచు కమ్మినట్టుండే వాష్ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేశారు. దామెర్ల ఆ గాలి పీల్చారు గాని అందులో కలిసిపోలేదు. బొంబాయి నేర్పిన కొలతను, అజంతా నేర్పిన రేఖను తీసుకుని ఈ నేల మనుషుల వైపు, ఈ నేల వెలుగు వైపు తిరిగారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’ బహుమతి పొందడంతో దేశం ఆయన్ను గుర్తించింది. ఆయన మాత్రం రాజమండ్రికే వచ్చి, మిత్రుడు వరదా వెంకటరత్నం తోడుగా చిత్రకళాశాల నెలకొల్పారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఒక తెలుగు కుటుంబంలో ఆడవాళ్లు చిత్రకారిణులుగా నిలవడం మామూలు విషయం కాదు. రామారావు పోయాక ఆ బడిని వెంకటరత్నం జీవితాంతం భుజాన మోశారు.

దామెర్ల ఎక్కువగా నమ్ముకున్నది నీటిరంగులను. నా వాదానికి ఇది ఆయువుపట్టు గనుక ఇక్కడ కాస్త ఆగుతాను. తైలవర్ణంలో ఒక పూత నచ్చకపోతే గీకి పారేసి మళ్లీ వేయవచ్చు, చీకటి మీద వెలుగును తెచ్చి పెట్టవచ్చు. నీటిరంగులో ఆ వెసులుబాటు లేదు. అందులో తెలుపు అంటే కాగితం తెలుపే. వెలుగు ఎక్కడ కావాలో అక్కడ కుంచె వెళ్లకుండా ముందే ఆగిపోవాలి. వేసిన రంగు ఆరేలోపు చెయ్యి నిశ్చయంగా కదలాలి. తొందరపడితే బురద అవుతుంది, తటపటాయిస్తే మరక అవుతుంది. గోదావరిని నీటిరంగులో వేసేవాడు ముందు చాలాసేపు ఊరికే చూడాలి, తర్వాత కొద్దిసేపే వేయాలి. ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి, అహం తగ్గిన చెయ్యి. కొండ వెనక కొండ పలచబడిపోతూ చివరికి ఆకాశంలో కలిసే పాపికొండల దారిని పారదర్శకమైన పొరలతో వేయడానికి ఎంత సాధన కావాలో కుంచె పట్టినవాళ్లకు తెలుసు. నా దృష్టిలో ఆ సాధన జపానికి తక్కువది కాదు.

కొబ్బరిచెట్టు, వరిచేను, కొండ

ఇప్పుడు సముద్రం దాటి వెళదాం. ఇండోనేషియా మనకు కొత్త దేశం కాదు. సులవేసి దీవిలో సెంపగ దగ్గర 1921లో దొరికిన కంచు బుద్ధ విగ్రహంలో కళాచరిత్రకారులు అమరావతి శైలి పోలికలు చూశారు. 1927లో రవీంద్రనాథ ఠాగూరు జావా, బాలి దీవుల్లో పర్యటించారు. మెడాన్‌లో పుట్టిన రుస్లి అనే యువకుడు 1930ల్లో శాంతినికేతనం వచ్చి నందలాల్ బోసు ఉన్న కళాభవన్‌లో చదువుకున్నాడు. రాకపోకలు ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ ఎప్పుడూ ఉన్నాయి.

డచ్చివారి పాలనలో ఆ దీవుల ప్రకృతి దృశ్యాలకు పెద్ద గిరాకీ ఉండేది. అగ్నిపర్వతం, దాని కింద వరిచేలు, పక్కన కొబ్బరిచెట్లు, మీద ప్రశాంతమైన ఆకాశం. యాత్రికులూ తోటల యజమానులూ కొనుక్కుని గోడలకు తగిలించుకునే బొమ్మలవి. 1938లో బటావియాలో పెర్సాగి అనే చిత్రకారుల సంఘం ఏర్పడింది. ఆ సంఘంలో ముఖ్యుడు ఎస్. సుజోయోనో ఈ బొమ్మల మీద తిరగబడ్డాడు. కొండ, కొబ్బరిచెట్టు, వరిచేను అనే ఈ మూడింటినీ త్రిమూర్తులుగా చేసుకుని పూజిస్తున్నారని, అందులో ఈ దేశపు మనిషి బతుకు లేదని, చిత్రకారుడి ఆత్మ చిత్రంలో కంటికి కనబడాలని వాదించాడు. వలస పాలన ఇంకా నడుస్తుండగానే అన్న మాటలవి.

ఆ విమర్శ చదివినప్పుడు నాకు కోనసీమ గుర్తుకొస్తుంది. కొబ్బరిచెట్టు, వరిచేను, కాలువ. మన క్యాలెండర్లలోనూ హోటళ్ల గోడల మీదా ఎన్ని వేల బొమ్మలు ఇదే వరసలో ఉంటాయో మీకు తెలుసు. ఆ దృశ్యం అబద్ధమని నేను అనను. అమలాపురం దారిలో అది కళ్లకు కడుతుంది. ఆ బొమ్మలు గీసిన చాలామంది అక్కడ ఆగి చూడలేదనేదే నా బాధ. వరదకు లంక మునిగినప్పుడు ఆ నీటి రంగు, తుపాను తర్వాత మొండాలుగా మిగిలిన తోట రంగు, కోతలయ్యాక బోసిపోయిన చేను రంగు ఆ బొమ్మల్లోకి రావు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి ఎలా నేలకూలిందో చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఆ రంగులు తెలిసినవాడు వేసిన ఆకుపచ్చ వేరుగా ఉంటుంది.

అఫాండి, రుస్లి, శ్రీహాది

సుజోయోనో అడిగిన దానికి ఇండోనేషియా చిత్రకారులు ఒకే రకంగా జవాబు చెప్పలేదు. ఎవరి స్వభావం వారిది. మనకు పనికొచ్చే పాఠం అందులోనే ఉంది.

అఫాండి 1907లో చెరిబోన్‌లో పుట్టాడు. ఆ దేశం స్వతంత్రమైన తొలి సంవత్సరాల్లో భారత ప్రభుత్వ సహాయంతో శాంతినికేతనం వచ్చాడు. ఇతనికి కొత్తగా నేర్పవలసింది లేదని అక్కడివాళ్లే గ్రహించడంతో, రెండేళ్లపాటు మన దేశం తిరుగుతూ చిత్రాలు వేసి ప్రదర్శనలు పెట్టాడు. తర్వాతి కాలంలో కుంచెను పక్కనపెట్టి, గొట్టం నుంచి రంగును నేరుగా కాన్వాసు మీదికి పిండి, వేళ్లతో అరచేతితో పులమడం మొదలుపెట్టాడు. ఆయన సూర్యుడు చుట్టలు చుట్టుకుంటూ మండుతాడు, ఆయన కొండ ఊపిరి పీల్చుకుంటుంది. సూర్యుణ్ణి, చేతుల్ని, పాదాల్ని కలిపి తన ముద్రగా చేసుకున్నాడు. చూసేందుకు అది ఉద్రేకంలా ఉంటుంది. నిదానంగా చూస్తే అందులో పూర్తి సమర్పణ కనబడుతుంది. తనకూ దృశ్యానికీ మధ్య ఏ పనిముట్టూ అడ్డు ఉండకూడదనుకున్న మనిషి అఫాండి. యోగ్యకర్తలో గజవోంగ్ నది ఒడ్డున తన చిత్రశాలను తానే కట్టుకున్నాడు. 1990లో పోయాక ఆ ఆవరణలోనే ఆయన్ను ఖననం చేశారు.

రుస్లి దారి దీనికి పూర్తిగా ఎదురు. నాలుగైదు కుంచె పోట్లు, చుట్టూ విశాలంగా వదిలేసిన తెల్ల కాగితం. ఆ కొద్ది గీతల్లోనే ఒక సముద్రతీరం, ఒక దేవాలయం, ఒక పడవల గుంపు నిలుస్తాయి. చెప్పకుండా వదిలేసిన దాని మీద ఆయనకు అపారమైన నమ్మకం.

శ్రీహాది సూదర్సోనో 1931లో సోలో నగరంలో పుట్టి 2022లో కన్నుమూశాడు. బాండుంగ్‌లో చదివి, అమెరికా వెళ్లి వచ్చాడు. ఆయన ప్రకృతి చిత్రాల్లో సముద్రానికీ ఆకాశానికీ మధ్య ఒక అడ్డగీత ఉంటుంది, దానికి పైనా కిందా విశాలమైన రంగు ఉంటుంది. అంతే. బొరొబుదూరు స్తూపాన్ని కూడా అలాగే, వెలుగులో కరుగుతున్న రంగుగా చిత్రించాడు. ఆయన చిత్రాల ముందు నిలబడితే, అంతర్వేది దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు నాకు మనసులో మెదులుతుంది. అక్కడ కూడా నది ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. రంగు మారడాన్ని బట్టి పోల్చుకోవలసిందే.

ఒకరిది మంట, ఒకరిది మౌనం, ఒకరిది విస్తారం. ముగ్గురి నేలా ఒక్కటే. ముగ్గురూ కొనుగోలుదారుడి కోసం వేయడం మాని, తమకు కనబడినదాన్ని తమ చేతికి చాతనైన పద్ధతిలో చెప్పారు. అందుకే ఆ చిత్రాల్లో దేవుడి రూపం లేకపోయినా ఆధ్యాత్మికత ఉంది.

మన వారసత్వం

ఆ మాటకొస్తే మన దగ్గర దారులు తక్కువేమీ లేవు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు అక్కడ ఆయన దగ్గర చదువుకున్నారు. భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన బాపిరాజు నవలలు చదివితే, ఒక సాయంకాలాన్ని వర్ణించేటప్పుడు కూడా ఆయన చేతిలో రంగుల పళ్లెం ఉన్నట్టే అనిపిస్తుంది. గుడివాడలో పుట్టి లండన్ స్లేడ్ కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన ఎస్.వి. రామారావు రూపాన్ని వదిలి శుద్ధమైన రంగు వైపు నడిచారు. మధిరలో పుట్టిన సూర్యప్రకాష్ మొదట్లో తుప్పుపట్టిన మోటారు వాహనాల గుట్టల్ని చిత్రించి, తర్వాత తామరకొలనుల వైపు, ఎండుటాకుల వైపు మళ్లారు. తుప్పు రంగును అంత శ్రద్ధగా చూసిన కన్ను గనుకనే ఎండుటాకులో అంత వైభవం చూడగలిగింది.

వీళ్లందరికీ దామెర్ల నేరుగా గురువని చెప్పను. వీళ్లలో కొందరికి ఆయనతో ఏ సంబంధమూ లేదు. అయితే తెలుగు నేల మీద నిలబడి, ఆ నేలను ఆధునిక చిత్రకారుడి కళ్లతో చూడవచ్చని ముందుగా రుజువు చేసినవాళ్లలో ఆయన ఒకరు. 28 ఏళ్లు నిండకుండానే పోయారని బాధపడటం సహజం. బతికుంటే ఏం చేసేవారో ఊహించడంలో మాత్రం నాకు ఆసక్తి లేదు. చేసి వెళ్లినది చూడటమే మనం ఇంకా పూర్తిగా చేయలేదు.

ఆధ్యాత్మికత గురించి ఒక మాట. గోదావరి గట్టున పుట్టినవాళ్లకు ఇది పుస్తకాల్లోంచి తెలుసుకోవలసిన విషయం కాదు. 12 ఏళ్లకోసారి పుష్కరాలకు లక్షలాది మంది ఈ నీటిలో మునుగుతారు. రోజూ తెల్లవారుజామున ఎవరో ఒకరు దోసిలితో నీళ్లెత్తి అర్ఘ్యం ఇస్తూనే ఉంటారు. ఆ భక్తి నిజమైనదే. కాని అదే నదిలోకి మురుగు వదులుతున్నాం, ఇసుక తోడేస్తున్నాం, గట్టు మీద ప్లాస్టిక్ పారేస్తున్నాం. మొక్కుతాం, చూడం. ప్రకృతి చిత్రం మనకు చూపించేది సరిగ్గా ఆ చూడని భాగాన్నే. ఒక పిల్లవాడు గంటసేపు కూర్చుని ఆ నీటి రంగు ఏమిటో కాగితం మీదికి తేవడానికి ప్రయత్నిస్తే, మర్నాడు అందులో చెత్త వేయడానికి వాడికి చెయ్యి రాదు. చిత్రకళను నేను వినోదంగా గాక, నదికి చేయవలసిన సేవలో భాగంగా చూడటానికి కారణం ఇదే.

చేయవలసిన పనులు

చివరగా కొన్ని విన్నపాలు.

దామెర్ల చిత్రాలు చాలావరకు కాగితం మీద ఉన్నాయి. 100 ఏళ్లు దాటిన నీటిరంగులకు ఎండ, తేమ, పురుగు అన్నీ శత్రువులే. ఈ డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. వెలుగును అదుపులో ఉంచే గాజు, తేమను కొలిచే సాధనాలు, శిక్షణ పొందిన సంరక్షకులు ఆ చిత్రాలకు అవసరం. ప్రభుత్వమూ దాతలూ కలిస్తే ఇది అసాధ్యమైన పని కాదు.

రెండోది, ఆయన ప్రకృతి చిత్రాలన్నింటినీ ఒకచోట చేర్చి, నాణ్యమైన ముద్రణతో, మంచి తెలుగు వ్యాఖ్యతో ఒక గ్రంథం తేవాలి. రంగు గురించిన పుస్తకంలో రంగు సరిగ్గా రావాలి. అంత జాగ్రత్త తీసుకోలేనప్పుడు వేయకపోవడమే మేలు.

మూడోది ఉపాధ్యాయులకు. నెలకొక్కసారి పిల్లల్ని నది దగ్గరికి, చెరువు దగ్గరికి, కాలువ గట్టుకు తీసుకెళ్లండి. బొమ్మ ఎలా ఉండాలో ముందే చెప్పకండి. ఆకాశం నీలం, చెట్టు ఆకుపచ్చ అని దిద్దించకండి. వాళ్లకు కనబడిన రంగునే వేయనివ్వండి. కూల్డ్రే గారు ఈ ఊరి పిల్లలకు చేసింది అంతే. దాని ఫలితంగా ఒక దామెర్ల, ఒక బాపిరాజు వచ్చారు.

తల్లిదండ్రులకూ ఒక్క మాట. దామెర్ల రామారావు చిత్రశాల ఈ ఊళ్లోనే ఉంది. పరీక్షలు, ట్యూషన్లు ఎప్పుడూ ఉండేవే. ఈ నెలలో ఒక పూట వీలు చేసుకుని మీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఒక్కో చిత్రం ముందు కాసేపు నిలబడనివ్వండి, తొందరపెట్టకండి. ఆయనకు మనం చేయగల స్మారకం అంతకంటే పెద్దది లేదు.